చూపే తెర, వినే తెర

ప్రభుత్వం అచ్చువేసిన పాఠ్యపుస్తకం తెరిస్తే పాఠం పేరు దగ్గర నలుపు తెలుపు గళ్లతో చిన్న చతురస్రం కనిపిస్తుంది. అది క్యూఆర్ కోడ్. కిరాణా కొట్టులో డబ్బు కట్టడానికి ఫోన్ ఎలా చూపిస్తారో ఇక్కడా అలాగే చూపించాలి, కాకపోతే దీక్ష అనే యాప్ తెరిచి. ఆ పాఠానికి సంబంధించిన వీడియో, బొమ్మలు, అభ్యాస ప్రశ్నలు తెర మీదికి వస్తాయి. కోడ్ పక్కనే అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు గుర్తుల వరుస ఒకటి ఉంటుంది. ఫోన్ కెమెరా పాడైనా, పుస్తకం నలిగి గళ్లు చెరిగిపోయినా ఆ ఆరింటినీ టైపు చేస్తే చాలు. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకున్న పాఠం నెట్ లేకపోయినా నడుస్తుంది. ఇవి చిన్న ఏర్పాట్లే. కానీ పాత ఫోను, నలిగిన పుస్తకం, అందీ అందని సిగ్నల్ ఉన్న ఇంటిని కళ్లముందు పెట్టుకుని ఎవరో ఆలోచించి చేసినవని వాడి చూస్తే తెలిసిపోతుంది.

దీక్షను 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, అప్పటి ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్యనాయుడు ప్రారంభించారు. మొదట అది ఉపాధ్యాయుల కోసం తలపెట్టిన వేదిక. ఆ తర్వాత పిల్లల పుస్తకాలకూ పాకింది. ఎక్‌స్టెప్ ఫౌండేషన్ తయారు చేసి అందరికీ ఉచితంగా వదిలిన సన్‌బర్డ్ అనే సాఫ్ట్‌వేర్ మీద అది నడుస్తుంది. జాతీయ స్థాయిలో ఎన్‌సీఈఆర్‌టీ దాని బాగోగులు చూస్తుంటే, ఏ రాష్ట్ర పాఠాలను ఆ రాష్ట్ర ఎస్‌సీఈఆర్‌టీ తన భాషలో, తన పుస్తకానికి తగ్గట్టుగా చేర్చుకుంటుంది. అందుకే తెలంగాణ పుస్తకంలోని కోడ్ తెలంగాణ పాఠానికీ, ఆంధ్రప్రదేశ్ పుస్తకంలోనిది ఆంధ్రప్రదేశ్ పాఠానికీ దారి తీస్తుంది.

బడిలో సెల్‌ఫోన్, టాబ్, యాప్ వాడి నేర్పడాన్ని మొబైల్ లెర్నింగ్ అంటున్నారు. దీనికి ముందు ఉన్నది కంప్యూటర్ ల్యాబ్. ల్యాబ్ అంటే తాళం వేసిన గది, హెడ్మాస్టర్ దగ్గర తాళంచెవి, వారానికి ఒక పీరియడ్. ఫోన్‌కు ఆ గది అక్కర్లేదు. తరగతిలో ఉంటుంది, ఇంటికి వస్తుంది, బస్సులోనూ ఉంటుంది. దానికి కెమెరా ఉంది, మైకు ఉంది, వేలితో తాకితే స్పందించే తెర ఉంది. అసలు తేడా అంతా ఈ మైకు దగ్గరా, ఈ తాకే తెర దగ్గరా ఉంది. తెలుగు నేల మీద తెర మీద పాఠం చూపడం అర్ధ శతాబ్దం నాటి సంగతి. పిల్లవాడు చెప్పింది విని, చేసింది చూసి దిద్దగల తెర చేతికి రావడం మాత్రం ఈమధ్యే. ఈ రెండో పనిని బడులు ఇంకా సరిగా అందిపుచ్చుకోలేదు.

చూపడంలో హైదరాబాద్‌ది పాత చెయ్యి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో భారత ప్రభుత్వం ఒక ప్రయోగం చేసింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు సామూహిక టీవీ సెట్లు పెట్టి, ఉపగ్రహం ద్వారా కార్యక్రమాలు పంపింది. సైట్ అని పిలిచే ఆ ప్రయోగం జరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కార్యక్రమాలు తయారు చేయడానికి ఢిల్లీ, కటక్‌లతో పాటు హైదరాబాద్‌లోనూ దూరదర్శన్ కేంద్రాన్ని నెలకొల్పారు. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. ఇంట్లో టీవీ అన్నది ఊహకైనా అందని పల్లెల్లో పిల్లలు బడి వరండాలో కూర్చుని ఆకాశం నుంచి దిగివచ్చిన తెలుగు పాఠం విన్నారు.

ఆ తర్వాతి మజిలీలు జూబ్లీహిల్స్ చుట్టుపక్కలే ఉన్నాయి. 1982లో మొదలైన దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఈ కొండల మీదే ఉంది. బడి, కాలేజీ మానేసి పనిలో పడ్డవాళ్లకు రేడియోలో, టీవీలో పాఠాలు చెప్పడం అది అలవాటు చేసింది. ఉమ్మడి రాష్ట్రంలో మన టీవీగా ఉన్న ఉపగ్రహ పాఠాల చానల్ తెలంగాణ వచ్చాక 2017లో టీ-శాట్ అయింది. విద్య, నిపుణ పేర్లతో రెండు చానళ్లు, వాటికో యాప్, యూట్యూబ్ చానల్. స్టూడియో జూబ్లీహిల్స్‌లోనే. ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లకూ ఎడిటింగ్ గదులకూ పొరుగున, లైట్లూ కెమెరాల మధ్య, భౌతికశాస్త్రం మాస్టారు కటకాల పాఠం చెబుతుంటారు. సినిమా ఊరికి పాఠం తీయడమూ చేతనైన పనే.

2020లో ఈ చూపే తెర ఒక్కసారిగా బడి బరువంతా మోయాల్సి వచ్చింది. మార్చిలో మూతపడ్డ బడులు తెరుచుకోకముందే, సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో డిజిటల్ తరగతులు మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. ప్రైవేటు బడులు జూమ్, గూగుల్ మీట్ పట్టుకున్నాయి. హైదరాబాద్ మధురానగర్ లాంటి చోట ఈ రెండు లోకాలూ ఒకే వీధిలో ఉన్నాయి. అమీర్‌పేటకు ఒక్క మెట్రో స్టేషన్ దూరం, యూసుఫ్‌గూడకు ఇంకో స్టేషన్. ఇటు అపార్ట్‌మెంట్లు, హాస్టళ్లు. అటు కాస్త నడిస్తే కృష్ణానగర్, అక్కడి ఇరుకు గదుల్లో లైట్‌మెన్లు, జూనియర్ ఆర్టిస్టులు, మేకప్ అసిస్టెంట్లు, డ్రైవర్ల కుటుంబాలు. అపార్ట్‌మెంట్‌లో పిల్లవాడికి విడిగా ల్యాప్‌టాప్ ఉంటే, కృష్ణానగర్ గదిలో ఇంటికంతటికీ ఒకే ఫోన్. షూటింగ్ కబురు వచ్చేది ఆ ఫోన్‌కే, కాబట్టి షూటింగులు మళ్లీ మొదలయ్యాక అది తండ్రి జేబులోనే పోవాలి. దానితో పాటే ఆ పూట పాఠమూ పోయేది. అన్నకు పదో తరగతి, చెల్లికి ఆరో తరగతి అయితే ఫోన్ ఎవరికన్నది ఇంట్లో రోజూ తేల్చుకోవాల్సిన సంగతి. చాలా ఇళ్లలో అది అన్నకే దక్కేది.

ఆ రోజుల్లో చదువును నిజంగా నిలబెట్టింది ఖరీదైన యాప్‌లు కావు, వాట్సాప్. టీచరు వర్క్‌షీట్ ఫొటో తరగతి గ్రూపులో పెడితే పిల్లలు నోటుపుస్తకంలో రాసేవాళ్లు. రాత్రి తండ్రి పని నుంచి వచ్చాక ఆ పేజీ ఫొటో తీసి పంపితే, టీచరు ఫోన్ తెర మీదే వేలితో ఎర్రటి టిక్కు పెట్టి తిరిగి పంపేది. కొందరికి వాయిస్ మెసేజ్‌లో, 'నాలుగో లెక్కలో ఎక్కడ తప్పావో చూడమ్మా' అని చెప్పేది. పాఠం చూపడం టీవీ చేసింది. తప్పు చూపించి దిద్దడం మాత్రం ఆ ఎర్రటి టిక్కు దగ్గరే జరిగింది. దానికి టీచరు రాత్రి పదకొండు దాకా కూర్చోవాల్సి వచ్చేది. ఆ శ్రమను లెక్కలోకి తీసుకున్నవాళ్లు తక్కువ.

ఇప్పుడు ఫోన్ లేని ఇల్లు అరుదు. 2024 అసర్ సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో దాదాపు 90 శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. 82 శాతం పిల్లలకు దాన్ని వాడటం వచ్చు. అలా వాడటం వచ్చినవాళ్లలో, సర్వేకు ముందటి వారంలో చదువు పనికి వాడినవాళ్లు 57 శాతం అయితే సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. తనకంటూ సొంత ఫోన్ ఉండటంలో ఆడపిల్లలు మగపిల్లల కంటే వెనకబడే ఉన్నారు. అంటే ఫోన్ ఉందా లేదా అన్న ప్రశ్న చాలావరకు తీరింది. అది ఎవరి చేతిలో, ఎంతసేపు, దేనికి అన్నవి మిగిలాయి.

పరికరం పిల్లవాడి చేతికే ఇచ్చేస్తే ఏమవుతుందన్న దానికి తెలుగునాట అతి పెద్ద ఉదాహరణ ఆంధ్రప్రదేశ్ టాబ్‌లు. 2022 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఆన్‌లైన్ పాఠాల సంస్థ బైజూస్‌తో ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి పంపిణీ ప్రారంభించారు. ఎనిమిదో తరగతి పిల్లలకూ వాళ్లకు చెప్పే ఉపాధ్యాయులకూ కలిపి ఐదు లక్షలకు పైగా టాబ్‌లు. పిల్లలు వాటిని పదో తరగతి దాకా తమతోనే ఉంచుకోవచ్చు. మరుసటి ఏడాది అదే తేదీన చింతపల్లిలో మొదలుపెట్టి మరో 4.34 లక్షలు ఇచ్చారు. పాఠాలన్నీ మెమరీ కార్డులో ముందే నింపి ఇవ్వడం వల్ల నెట్ అవసరం లేదు. పాఠానికి సంబంధం లేనివి తెరుచుకోకుండా తాళం లాంటి సాఫ్ట్‌వేర్ పెట్టారు.

ఈ ఏర్పాటులో మెచ్చుకోవాల్సింది ఉంది. మన్యంలోని బాలికకూ విజయవాడలోని బాలికకూ ఒకే పాఠం ఒకే నాణ్యతతో చేతికందింది. నెట్ లేని ఊరికి మెమరీ కార్డు తెలివైన పరిష్కారం. కానీ ఆ టాబ్‌లో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం వీడియో, అంటే మళ్లీ చూపే తెరే. పైగా పాఠం ఒక ప్రైవేటు సంస్థది. 2024 జూలైలో ఆ సంస్థ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. ప్రభుత్వ పుస్తకం ముప్పై ఏళ్లయినా ప్రభుత్వం చేతిలో ఉంటుంది, ఒక కంపెనీ యాప్ ఆ కంపెనీ ఉన్నంతకాలమే. 2023 తర్వాత మూడో విడత టాబ్‌లు రాలేదు. తెర పగిలితే బాగుచేసేదెవరు, బ్యాటరీ పోతే మార్చేదెవరు అన్నవి పంపిణీ నాడే తేల్చుకోవాల్సిన విషయాలు. ఏ రాష్ట్రమైనా టాబ్‌లు కొనే ముందు వాటి మరమ్మతుకు బడ్జెట్‌లో ఒక పద్దు రాసుకోవాలి.

రెండు విడతల మధ్యలో, 2023 ఆగస్టులో, అదే రాష్ట్రం బడుల్లోకి పిల్లలు సెల్‌ఫోన్ తేవడాన్ని నిషేధించింది, ఉపాధ్యాయులు తరగతి గదిలో వాడటం మీదా ఆంక్షలు పెట్టింది. అంతకు కొద్దిరోజుల ముందే యునెస్కో తన ప్రపంచ విద్యా నివేదికలో చదువులో టెక్నాలజీ వాడకం గురించి హెచ్చరించింది. పక్కన ఫోన్ ఉండటమే పిల్లల ధ్యాసను చెదరగొడుతుందని, ప్రపంచంలో నాలుగింట ఒక వంతుకు కాస్త తక్కువ దేశాలు బడుల్లో దాన్ని నిషేధించాయని ఆ నివేదిక చెప్పింది. టాబ్ ఇవ్వడం, ఫోన్ వద్దనడం పైకి ఒకదానికొకటి ఎదురుగా కనిపిస్తాయి, కానీ రెండూ పొసగుతాయి. టాబ్‌లో పాఠం తప్ప మరేదీ తెరుచుకోదు. ఫోన్‌లో పాఠం, రీల్స్, ఆట, స్నేహితుడి మెసేజ్ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. పదమూడేళ్ల పిల్లవాడిని ఆ నాలుగింటి ముందు కూర్చోబెట్టి పాఠమే ఎంచుకోమనడం అతని మీద మోపరాని భారం.

పరికరం ఇచ్చినంత మాత్రాన చదువు పెరగదని పెరూ దేశం పెద్ద ఖర్చు పెట్టి తెలుసుకుంది. ప్రతి బిడ్డకూ ఒక ల్యాప్‌టాప్ అన్న నినాదంతో అక్కడ లక్షల సంఖ్యలో చిన్న కంప్యూటర్లు పంచారు. 2012లో వెలువడిన అధ్యయనం లెక్కల్లోనూ భాషలోనూ మార్కుల్లో తేడా ఏమీ కనిపించలేదని తేల్చింది. ఢిల్లీలో జరిగిన ఇంకో ప్రయోగం వేరే ఫలితం ఇచ్చింది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ అనే ఆర్థికవేత్తలు 2015లో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌ను 619 మంది పిల్లలతో పరీక్షించారు. వీరిలో మురళీధరన్‌కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో ఏళ్ల తరబడి పరిశోధన చేసిన అనుభవం ఉంది. ఢిల్లీ పిల్లలు బడి అయ్యాక రోజుకు గంటన్నర, సగం సేపు కంప్యూటర్ ముందు, సగం సేపు చిన్న బృందంగా టీచరు దగ్గర గడిపారు. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో, హిందీలో మిగతావాళ్ల కంటే స్పష్టంగా ముందుకు వెళ్లారు. బాగా వెనకబడ్డ పిల్లలకు మామూలు బడి చదువుతో పోలిస్తే ఎక్కువ మేలు జరిగింది.

తేడా ఎక్కడుందో ఒక్క తీసివేత లెక్క చెబుతుంది. 52లోంచి 27 తీసేయమంటే చాలామంది పిల్లలు 35 అని రాస్తారు. అది పరాకుగా చేసిన తప్పు కాదు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేసి ఐదు వేశారు, పదుల స్థానంలో ఐదులోంచి రెండు పోతే మూడు వేశారు. వాళ్ల మనసులో ఒక నియమం ఉంది, ఎప్పుడూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేయాలని. వీడియో ఎన్నిసార్లు చూపించినా ఆ నియమం చెక్కుచెదరదు, ఎందుకంటే వీడియోకు ఆ 35 కనిపించదు. మంచి సాఫ్ట్‌వేర్‌కు కనిపిస్తుంది. 35 రాగానే అది అదే రకం లెక్క ఇంకోటి ఇస్తుంది, 61లోంచి 38. జవాబు 37 వస్తే అనుమానం తీరిపోతుంది. అప్పుడు పిల్లవాడు ఏడో తరగతిలో ఉన్నా సరే, పుల్లల కట్టల బొమ్మ తెర మీద పెట్టి, ఒక పదుల కట్ట విప్పి ఒకట్లలో కలపడం దగ్గరికి తీసుకెళ్తుంది. అక్కడ కుదురుకున్నాక పైకి తెస్తుంది. ఢిల్లీ ప్రయోగం చేసిన పరిశోధకులు లెక్కగట్టినప్పుడు ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారు, పై తరగతుల్లో ఆ దూరం ఇంకా పెరిగింది. నలభై మంది నాలుగైదు మెట్ల మీద నిలబడ్డ తరగతిలో ఎంత గొప్ప టీచరైనా ఒక మెట్టు నుంచే పాఠం చెప్పగలరు. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో చెప్పే సాధనం చేతిలో ఉంటే ఆ టీచరు పని సగం తేలికవుతుంది.

ఈ తరహా పని తెలుగు బడుల్లోనూ మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో కాన్వేజీనియస్ సంస్థ సాయంతో కొన్ని ప్రభుత్వ పాఠశాలల్లో టాబ్‌ల మీద ఇలాంటి లెక్కల అభ్యాసం నడిచింది. ఆర్థికశాస్త్రంలో నోబెల్ పొందిన మైఖేల్ క్రెమర్ బృందం దాన్ని పరిశీలించి పిల్లలకు గట్టి మేలు జరిగిందని చెప్పింది. తెలంగాణ 2025లో ఎక్‌స్టెప్ ఫౌండేషన్‌తో కలిసి ఎంపిక చేసిన ప్రాథమిక బడుల్లో కృత్రిమ మేధ సాయంతో తెలుగు, ఇంగ్లిషు చదవడం, లెక్కలు చేయడం నేర్పే కార్యక్రమం చేపట్టింది. చదవడంలో వెనకబడ్డ మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకే అది. పదో తరగతి ఫలితాల కోసం ఆరాటపడే వ్యవస్థ మూడో తరగతి దగ్గరికి దిగివచ్చి చూడటం సంతోషించాల్సిన మార్పు.

లెక్కల కంటే భాష దగ్గర చిక్కు ఎక్కువ. గూగుల్ 2019లో బోలో పేరుతో తెచ్చి, తర్వాత రీడ్ అలాంగ్‌గా మార్చిన యాప్ ఇక్కడ మంచి ఉదాహరణ. తెరిస్తే ఒక చిన్న కథ వస్తుంది, పక్కన దియా అనే బొమ్మ అమ్మాయి. పిల్లవాడు పైకి చదువుతుంటే ఫోన్ మైకు వింటుంది. సరిగా పలికిన మాట రంగు మారుతుంది, తడబడిన మాట దగ్గర ఆగిపోతుంది. ఆ మాట మీద వేలు పెడితే దియా పలికి వినిపిస్తుంది. ఎవరూ నవ్వరు, ఎవరూ విసుక్కోరు. తరగతిలో లేచి చదవమంటే గొంతు పెగలని పిల్లకు ఈ ఏకాంతం చాలా పెద్ద సాయం. ఇందులో తెలుగు కూడా ఉంది. మాటను యంత్రం గుర్తుపట్టే శాస్త్రానికి తొలి అడుగులు వేసినవారిలో అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి ఒకరు. కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

అయినా యంత్రం పిల్లల తెలుగు వినడం తేలిక కాదు. పిల్లల గొంతు సన్నం, పలుకు కుదురుగా ఉండదు. పెద్దవాళ్ల మాటల మీద తర్ఫీదు పొందిన సాఫ్ట్‌వేర్ తడబడుతుంది. పైగా ఏ తెలుగు? మధురానగర్, యూసుఫ్‌గూడ బడిలో ఒకే బెంచీ మీద భీమవరం నుంచి వచ్చిన కుటుంబం పిల్ల, మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన పిల్లవాడు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే అమ్మాయి కూర్చుంటారు. ఒకరు 'వస్తున్నాడు' అంటారు, ఒకరు 'వస్తున్నడు' అంటారు, ఇంకొకరికి 'ళ' పలకడం కష్టం. పుస్తకంలోని మాటను చూసి తన ఇంటి పలుకుతో చదివిన బిడ్డను యాప్ తప్పు పట్టిందంటే, చదవడం వచ్చిన బిడ్డకే రాదని చెప్పినట్టు. అలాంటప్పుడు పక్కన టీచరు ఉండి 'నువ్వు సరిగానే చదివావురా' అనాలి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటి చోట్ల తెలుగు మాట మీద జరుగుతున్న పరిశోధనకు ఇలాంటి పిల్లల గొంతులే అసలు ముడిసరుకు కావాలి, అవీ తల్లిదండ్రుల అనుమతితో.

పిల్లలందరికీ పరికరం లేని బడే ఎక్కువ. అక్కడ టీచరు చేతిలోని ఒక్క ఫోన్ చేయగల పనులు తక్కువేమీ కావు. ఎత్తు నుంచి వదిలిన బంతిని స్లో మోషన్‌లో తీసి, వెనక గోడ మీద గీసిన గీతల్ని బట్టి ఏ క్షణానికి ఎంత కిందికి వచ్చిందో పిల్లలచేతే లెక్కకట్టించవచ్చు. తాడుకు రాయి కట్టి ఊపి, ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌తో ఇరవై ఊపులకు పట్టిన సమయం కొలిచి, తాడు పొడవు తగ్గించి మళ్లీ కొలవవచ్చు. పుస్తకంలో ఒక వాక్యంగా ఉన్న సూత్రం అప్పుడు చేతికి తగులుతుంది. కొలరాడో విశ్వవిద్యాలయం ఉచితంగా ఇచ్చే ఫెట్ ప్రయోగాలు కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. తీగ, బల్బు, బ్యాటరీ తెర మీద కలిపి వలయం వెలుగుతుందో లేదో చూడవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఉన్నత పాఠశాలల్లో నాడు-నేడు పథకం కింద వచ్చిన పెద్ద ఇంటరాక్టివ్ తెరలకు ఇవి బాగా పనికొస్తాయి.

కృష్ణానగర్ చుట్టుపక్కల బడులకు ఇంకో వీలుంది. పాఠాన్ని మూడు నిమిషాల వీడియోగా తీసే పని ఒక బృందానికి ఇస్తే, ముందు వాళ్లు స్క్రిప్టు రాయాలి. నీటి చక్రం గురించి మూడు నిమిషాలు మాట్లాడాలంటే దేని తర్వాత ఏది జరుగుతుందో కచ్చితంగా తెలిసి ఉండాలి. తెలియని చోట స్క్రిప్టు ఆగిపోతుంది, పుస్తకం మళ్లీ తెరుచుకుంటుంది. ఆ వీధుల్లో కెమెరా అంటే ఏమిటో ఇంట్లో చెప్పేవాళ్లు ఉన్న పిల్లలు ఎందరో. తండ్రి వృత్తి మీద గౌరవంతో బడికి వచ్చే పిల్లవాడి నడకే వేరుగా ఉంటుంది.

ఇన్ని పనులు చేయాల్సిన ఉపాధ్యాయుడి ఫోన్ నిండా మాత్రం వేరే యాప్‌లు ఉన్నాయి. హాజరుకు ఒకటి, మధ్యాహ్న భోజనానికి ఒకటి, మరుగుదొడ్ల శుభ్రత ఫొటోలకు ఒకటి. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ముఖం గుర్తించి హాజరు వేసే యాప్‌ను సొంత ఫోన్లలో వేసుకోమన్నప్పుడు ఉపాధ్యాయ సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. సొంత డబ్బుతో కొన్న ఫోను, సొంత డేటా, అందులో సర్కారు నిఘా అన్నది వాళ్ల అభ్యంతరం, అందులో న్యాయం ఉంది. తెలంగాణలోనూ ముఖ గుర్తింపు హాజరు వచ్చింది. 2025లో ఆంధ్రప్రదేశ్ ఆ యాప్‌లన్నిటినీ లీప్ అనే ఒకే యాప్‌లోకి తెచ్చే పని చేపట్టింది. మొదటి పీరియడ్‌లో సర్వర్ కోసం ఎదురుచూస్తూ పోయే ప్రతి పది నిమిషాలూ పిల్లలకు చెందినవి. బడిలో మొబైల్ వాడకం అనగానే పాఠాల యాప్‌లే చర్చకు వస్తాయి గానీ టీచరు రోజును ఎక్కువగా తినేది ఈ హాజరు, ఫొటోల యాప్‌లే.

తెర ముందు ఎంతసేపు అన్న దానికి కొన్ని కొలతలు ఉన్నాయి. 2020 జూలైలో కేంద్రం ఇచ్చిన ప్రజ్ఞత మార్గదర్శకాలు ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు రోజుకు 30 నుంచి 45 నిమిషాల చొప్పున రెండు ఆన్‌లైన్ పీరియడ్లు, తొమ్మిది నుంచి పన్నెండు తరగతులకు నాలుగు మించవద్దని చెప్పాయి. అవి కోవిడ్ నాటివి. బడులు తెరిచాక హోంవర్కు పేరుతో, ట్యూషన్ పేరుతో తెర ముందు గడిచే సమయాన్ని ఎవరూ కూడి చూడటం లేదు. చిన్న తెరను కళ్లకు దగ్గరగా పెట్టుకుని గంటల తరబడి చూస్తే చూపు మందగించే ముప్పు ఎక్కువ. అందుకే ఇరవై నిమిషాలకొకసారి తల ఎత్తి దూరంగా ఉన్న చెట్టునో మేడనో చూడమని కంటి వైద్యులు చెబుతారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది, పిల్లల కదలికలు గమనించి ప్రకటనలు చూపడం కూడదంటుంది. ఉచిత యాప్ వేసుకునేటప్పుడు కాంటాక్టులు, లొకేషన్ అడిగితే ఆగి ఆలోచించాలి. తీసివేతలు నేర్పే యాప్‌కు ఇంటి చిరునామాతో పనిలేదు.

చివరగా పుస్తకం దగ్గరికే రావాలి. కంటిచూపు లేని పిల్లలకు ఆండ్రాయిడ్ ఫోన్‌లోని టాక్‌బ్యాక్ తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపిస్తుంది, తెలుగులో కూడా. అక్షరాలు గుర్తుపట్టడం కష్టమయ్యే పిల్లలకూ, చదవడం రాని తల్లి తన బిడ్డ పాఠం వినాలనుకున్నప్పుడూ అది ఉపయోగమే. కానీ పాఠ్యపుస్తకం పీడీఎఫ్ తెరిచి చదవమంటే చాలాసార్లు అర్థం లేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు వినిపిస్తాయి. కారణం, తెలుగు పుస్తకాలు ఏళ్ల తరబడి డీటీపీలో 'అను' అనే పాత ఫాంట్లతో కూర్చినవి. కంటికి 'అమ్మ'గా కనిపించేది లోపల వేరే సంకేతాలుగా దాగి ఉంటుంది. అన్ని పరికరాలకూ ఉమ్మడి అక్షర సంకేతమైన యూనికోడ్‌లో ఉన్న తెలుగునే ఫోన్ చదవగలదు, వెతకగలదు, పెద్దది చేసి చూపగలదు. పాత పుస్తకాన్ని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి. మార్చాక ఒత్తులూ దీర్ఘాలూ సరిచూడటానికి మనుషులు కావాలి, ఒక్కో పుస్తకానికి కొన్ని వారాల పని. క్యూఆర్ కోడ్ పక్కనే అచ్చయిన ఆ పాఠం ఈ పని పూర్తయిన రోజున అదే ఫోన్‌లో నోరు విప్పుతుంది.